కండ్ల కలక: కారణాలు, లక్షణాలు, యాంటీబయాటిక్ వైద్యం
దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన సమాచార వ్యాసం

వర్షాకాలం ఆరంభమైన కొద్ది వారాలకు హైదరాబాద్ నగరంలో కండ్ల కలక కేసులు పెరగడం పరిపాటి. 2023 జూలై, ఆగస్టు మాసాలలో మాత్రం ఈ వ్యాధి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో పాటు దేశంలోని అనేక రాష్ట్రాలకు విస్తృతంగా వ్యాపించింది. అదే కాలంలో మందుల దుకాణాలలో కంటి చుక్కల అమ్మకాలు కూడా దేశవ్యాప్తంగా పెరిగాయి. ఆ చుక్కలలో అధికభాగం యాంటీబయాటిక్‌లు, వ్యాధులలో అధికభాగం వైరస్ వలన వచ్చినవి. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. కండ్ల కలక గురించి ప్రజలకు తెలియజేయవలసిన అంశాలలో ఇదే ప్రధానమైనది.

కనుగుడ్డులోని తెల్లభాగాన్ని, రెప్పల లోపలి తలాన్ని కప్పి ఉండే పలుచని పారదర్శకమైన పొరను కంజంక్టైవా అంటారు. ఈ పొరకు వచ్చే వాపే కంజంక్టివైటిస్. తెలంగాణలో కండ్ల కలక, కోస్తా జిల్లాలలో కళ్ళ కలక అని వాడుక. పుప్పొడి, దుమ్ము వంటి వాటి వలన వచ్చే అలర్జీ కలక అంటువ్యాధి కాదు. అందులో దురద ప్రధాన లక్షణం. ఈ వ్యాసం అంటు కలకకు పరిమితం.

నగర తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఈ వ్యాధి వ్యాప్తికి అనువైనవి. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటిని ఆశ్రయించుకొని వెలసిన హాస్టళ్ళు ఇక్కడ అధికం. ఒకే గదిలో పలువురు విద్యార్థులు ఉండటం, బకెట్లు, తువ్వాళ్ళు, దిండ్లు చేతులు మారడం సాధారణం. విజయవాడ, నల్లగొండ, ఖమ్మం వైపు వెళ్ళే ప్రయాణికులు ఎల్.బి.నగర్ కూడలిలో బస్సులు ఎక్కుతారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైన తరువాత ఈ రాకపోకలు మరింత పెరిగాయి. హాస్టల్‌లో కలక సోకిన విద్యార్థి సెలవు పెట్టి స్వగ్రామానికి వెళ్ళినచో వ్యాధి కూడా అతనితో పాటు వెళ్ళగలదు.

కారణాలు

అంటు కలకకు అధికంగా కారణమయ్యేవి అడినో వైరస్‌లు. వీటిలో కొన్ని రకాలు గొంతునొప్పి, జ్వరంతో కూడిన కలకను, మరికొన్ని నల్లగుడ్డును సైతం బాధించే తీవ్రమైన కలకను కలిగిస్తాయి. వ్యాధి సోకిన తరువాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 5 నుంచి 12 రోజులు పడుతుంది. రెండు వారాల వరకు రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం ఉంటుంది.

రెండవ తెగ ఎంటిరో వైరస్‌లు. ఇవి కంటి తెల్లభాగంలో రక్తపు చారలను కలిగిస్తాయి, ఒకటి రెండు రోజులలోనే బయటపడతాయి. ఈ రకం కలక మొదట 1969లో ఘనాలో గుర్తింపబడింది. ఆ సంవత్సరమే మానవుడు చంద్రునిపై కాలుమోపినందున అక్కడి ప్రజలు దీనిని అపోలో వ్యాధి అన్నారు. 1970లో సింగపూర్‌లో కాక్సాకీ ఎ24 అనే వైరస్ యొక్క మార్పుచెందిన రూపం కూడా ఇటువంటి వ్యాధినే కలిగించింది. 1971లో ఈ కలక భారతదేశంలో ప్రబలినపుడు, బంగ్లాదేశ్ శరణార్థుల రాకతో అది ఏకకాలమైనందున కలకత్తాలో జై బంగ్లా అనే పేరు స్థిరపడింది. వ్యాధికి పొరుగువారి పేరు పెట్టడం అన్ని దేశాలలోను ఉన్నదే.

బాక్టీరియా వలన వచ్చే కలక చిన్నపిల్లలలో ఎక్కువ. స్టెఫైలోకాకస్, న్యూమోకాకస్, హీమోఫిలస్ జాతులు దీనికి ముఖ్య కారకాలు.

రోగి కంటిలోకి చూసినంత మాత్రాన కలక సోకదు. కంటిని తాకిన చేయి, ఆ చేయి తాకిన తువ్వాలు, కాటుక డబ్బీ, కుళాయి పిడి, సెల్‌ఫోన్ ద్వారా అది వ్యాపిస్తుంది. నల్ల కళ్ళద్దాలు వెలుతురు బాధ నుంచి రోగికి ఉపశమనం ఇస్తాయేగాని ఇతరులకు రక్షణ కావు.

లక్షణాలు

కన్ను ఎర్రబారడం, నీరు కారడం, ఇసుక పడినట్లు గరగర, రెప్పల వాపు అన్ని రకాలలోను కనిపిస్తాయి. వైరస్ కలకలో స్రావం నీళ్ళవలె ఉంటుంది. చెవి ముందు భాగంలో చిన్న గడ్డ చేతికి తగిలి నొప్పి పెట్టవచ్చు. ఒక కంటితో మొదలై కొద్ది రోజులలో రెండవ కంటికి పాకుతుంది. బాక్టీరియా కలకలో పసుపు లేదా ఆకుపచ్చని చిక్కని పుసి తుడిచిన కొద్దిసేపటికే తిరిగి చేరుతుంది. ఉదయం రెప్పలు అంటుకుపోవడం బాక్టీరియాకు సూచనగా చెబుతారు గాని, వైరస్ కలకలోను అది కనిపిస్తుంది. ఆ ఒక్క లక్షణాన్ని ఆధారం చేసుకొని మందు కొనడం సరికాదు.

కంటిలో తీవ్రమైన నొప్పి, చూపు మందగించడం, వెలుతురును చూడలేకపోవడం, నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనబడటం కలకను మించిన వ్యాధికి సంకేతాలు. వీరిని అదే రోజు కంటి వైద్యునికి చూపాలి. కాంటాక్ట్ లెన్స్ ధరించేవారు కన్ను ఎర్రబడిన వెంటనే లెన్స్ తీసివేసి వైద్యుని సంప్రదించాలి. కలక ప్రబలినపుడు పత్రికలు మొత్తం కేసుల సంఖ్యను ప్రముఖంగా ప్రచురిస్తాయి. నల్లగుడ్డు దెబ్బతిన్నవారెందరు అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

యాంటీబయాటిక్ వైద్యం

వైరస్ కలక చాలామందిలో ఒకటి నుంచి రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. శుభ్రమైన చల్లని నీటిలో తడిపిన గుడ్డతో కాపడం, కృత్రిమ కన్నీటి చుక్కలు సరిపోతాయి. చుక్కల మందు వేసిన వారం రోజులకు కలక తగ్గినదంటే, అది మందు వలన తగ్గినదని భావించనవసరం లేదు.

బాక్టీరియా కలకలో యాంటీబయాటిక్ వ్యాధికాలాన్ని కొంత తగ్గిస్తుంది, ఇతరులకు సోకే అవకాశాన్ని కూడా తగ్గిస్తుంది. తేలికపాటి కేసులు మందు లేకుండా కూడా నయమవుతాయి. మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం, ఆఫ్లాక్సాసిన్ 0.3 శాతం, టోబ్రామైసిన్ 0.3 శాతం చుక్కలను వైద్యులు సాధారణంగా వాడుతారు. రోజుకు మూడు నాలుగు పర్యాయాలు, 5 నుంచి 7 రోజులపాటు వేయడం పద్ధతి. క్లోరామ్‌ఫెనికాల్ చుక్కలు, లేపనం చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. క్రింది రెప్పను లాగి ఆ సందులో ఒక్క చుక్క వేయాలి. సీసా కొన కంటికి గాని వేలికి గాని తగలరాదు. ఒకరి సీసా మరొకరు వాడినచో మందే వ్యాధివాహకం అవుతుంది.

స్టిరాయిడ్ కలిసిన చుక్కల మందులు అన్నిటికంటే ప్రమాదకరం. యాంటీబయాటిక్, డెక్సామిథాసోన్ కలిపిన సీసాలు ఎరుపును ఒకటి రెండు రోజులలోనే తగ్గిస్తాయి. కాబట్టే వాటికి గిరాకీ. కాని ఆ ఎరుపుకు కారణం హెర్పిస్ వైరస్ లేదా బూజు జాతి సూక్ష్మజీవి అయినచో స్టిరాయిడ్ దానికి ఆసరా అవుతుంది, నల్లగుడ్డుపై పుండు పెరిగి చూపు పోవచ్చు. పొలం పనులలో కంటికి ఆకు లేదా వరికంకి తగిలిన వారిలో బూజు సోకే అవకాశం అధికం. దీర్ఘకాలం వాడినచో నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. స్టిరాయిడ్, యాంటీబయాటిక్ కంటి మందులను వైద్యుని చీటీపై మాత్రమే విక్రయించాలని నిబంధనలు ఉన్నాయి. ఔషధ నియంత్రణ అధికారులు కలక కాలంలో ఈ అంశంపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

చనుబాలు, తేనె, నందివర్ధనం పూల రసం వంటివి కంటిలో వేయడం ఇప్పటికీ ఉన్నది. సూక్ష్మజీవరహితం కాని ఏ పదార్థమూ కంటిలో వేయరాదు.

యాంటీబయాటిక్ ఆలస్యం కాకూడని సందర్భం నవజాత శిశువులది. పుట్టిన 2 నుంచి 5 రోజులలో రెప్పలు వాచి విపరీతంగా చీము కారినచో అది తల్లి నుంచి సంక్రమించిన గనేరియా కావచ్చు. చికిత్స అందనిచో నల్లగుడ్డుకు రంధ్రం పడి అంధత్వం రాగలదు. దీనికి చుక్కల మందు చాలదు, ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఒకటి రెండు వారాల వయస్సులో కనిపించే క్లమీడియా కలకకు నోటి ద్వారా మందు ఇస్తారు. తల్లిదండ్రులకు కూడా చికిత్స అవసరం. ఆ క్లమీడియా జాతికే చెందిన ట్రకోమా ఒకనాడు దేశంలో అంధత్వానికి ముఖ్య కారణం. అజిత్రోమైసిన్, శస్త్రచికిత్స, ముఖ పరిశుభ్రత, పారిశుధ్యం కలిసి పనిచేయగా, ప్రజారోగ్య సమస్యగా అది భారతదేశంలో నిర్మూలింపబడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.

హాస్టళ్ళు, శిక్షణ కేంద్రాలు

కలక సోకిన విద్యార్థికి వేరు గది లభించనిచో కనీసం వేరు తువ్వాలు, దిండు, సబ్బు, బకెట్ కేటాయించాలి. నీరు కారడం ఆగేవరకు తరగతికి రాకుండా ఉండేందుకు అనుమతించాలి. హాజరు కోతకు భయపడి నల్లద్దాలతో తరగతికి వచ్చిన ఒక్క విద్యార్థి వలన గది అంతటికీ వ్యాధి పాకవచ్చు. అడినో వైరస్ పొడి ఉపరితలాలపై వారాల తరబడి బ్రతకగలదు, ఆల్కహాల్ శానిటైజర్‌కు తేలికగా లొంగదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం మేలు. తలుపు గడియలు, కుళాయిలు, మెట్ల పట్టీలను బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. ఒకే హాస్టల్‌లో పలువురికి సోకినచో సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి తెలియజేయాలి.

సాధారణ కలకకు బస్తీ దవాఖానాలో గాని, వనస్థలిపురం ఏరియా ఆసుపత్రిలో గాని వైద్యుని సంప్రదించవచ్చు. నొప్పి, చూపు మందగింపు ఉన్నవారు మెహిదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో వెళ్ళేవారు లక్డీకాపూల్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి మెహిదీపట్నం వైపు బస్సు లేదా ఆటోలో వెళ్ళవచ్చు. అప్పటికే వాడుతున్న చుక్కల మందు సీసాను వెంట తీసుకొని వెళ్ళడం అవసరం.