కొయ్యపెట్టెలో సీసపు నాణెములు

శాసనమును చదివి ప్రతి వ్రాసికొన్న పిమ్మట శిల కొంత చెడినను విషయము నిలుచును. నాణెమట్లు గాదు. దాని తూకము, లోహము, అంచునందలి అక్షరముల తీరు అన్నియు చరిత్రసాధనములే. అవి చెడినచో ఏ ప్రతియు ఆ లోటును పూరింపజాలదు.

సాతవాహనులు సీసమును నాణెములకు విస్తారముగా వాడిరి. క్రీ. శ. 2వ శతాబ్దినాటి పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల ఓడగుఱుతు నాణెములు సీసపువి. తూర్పుతీరపు నౌకావ్యాపారమునకు అవి ప్రబలసాక్ష్యములు. వైనతేయ తీరమున ఆదుఱ్ఱు స్తూపశిథిలములను చూచినవారికి కోనసీమ ప్రాచీనతను వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇట్టి సీమలో సీసపుబిళ్ల యొకటి చేజిక్కినచో మన పండితులు దానిని ఆదరముతో కొయ్యపెట్టెలో దాతురు. హాని అచ్చటనే మొదలగును.

సీసము గాలి సోకినంతనే బూడిదవన్నె పొరను దాల్చును. ఆ పొరయే లోపలి లోహమునకు రక్ష. కాని పులుసు ఆవిరికి అది ఆగదు. పూర్వము ఐరోపాలో సీసపురేకులను పులిసిన ద్రాక్షరసపు కుండలలో నుంచి, పేడలో పూడ్చి, రంగులకు వలయు సఫేదాను చేయుచుండిరి. మూసిన కొయ్యపెట్టెలో జరుగునదియు నదియే. కలప, అందును క్రొత్తగా కోసినది, అట్టి పులుసు ఆవిరినే విడుచును. అది తేమతో గూడి సీసమును కఱచును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ లవణమును తెల్లని పొడిగా మార్చును. విడివడిన పులుసు మరల లోహముపైఁ బడును. కొంతకాలమునకు ఓడయు అక్షరములును పొడియై రాలిపోవును. కాలువలు, కొబ్బరితోటలు, సముద్రపుగాలి గల అమలాపురము, రాజోలు ప్రాంతములందు తేమకు కొదువలేదు గదా!

రాగినాణెముల శత్రువు వేఱు. ఉప్పుగాలి సోకిన రాగిపై లేతపచ్చని పొడిచిలుము పుట్టి లోలోపలికి తినుచుఁ బోవును. గట్టిగా నంటిన ముదురుపచ్చని పొర మాత్రము రోగము గాదు; దానిని గీఁకరాదు. చెంబులవలె చింతపండుతో తోముట మన ఇండ్లలో అలవాటు. తళతళలాడు నాణెము చూపఱకు ముచ్చటయే, కాని దానిపై చదువవలసినది తోముడుతోనే పోయినది. కొబ్బరినూనె పూఁతయు కనరెక్కి చిలుమునే పెంచును.

నేఁడు అంగళ్లలో దొరకు మెత్తని పి.వి.సి. సంచులు మఱియొక చిక్కు. అవి కాలక్రమమున ఆమ్లమును విడిచి నాణెముపై పచ్చని జిగురును నిలుపును. పులుసు లేని కాగితపు పొట్లమో, పాలిథీన్ సంచియో మేలు. లోహపుబీరువా, తేమను పీల్చు సిలికా జెల్ ఉన్న చాలును. చేతిచెమటయు లవణమే గనుక అంచులు పట్టి యెత్తవలెను.

బంగారమునకు గాలిభయము లేదు. రాజరాజనరేంద్రుని వరాహముద్ర గల మాడలు అరకాన్ తీరమునను, సయాములోను చెక్కుచెదరక దొరకినవి. వానికి భయము కంసాలి మూసవలననే. పది రూపాయలకు మించు విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. సీసపుబిళ్లను కరఁగించువారు అరుదు. దానిని చెఱచునది మన పెట్టెయే. కావున దొరకిననాఁడే తూచి, ఇరుప్రక్కల ఛాయాచిత్రములు తీయించి, గ్రామము పేరును మట్టితీరును వ్రాసి, ఆ కాగితమును నాణెముతో గాక వేఱుగా నుంచవలెను.