ఉట్టి, ముగ్గు, రాతిగిన్నె: మన యిండ్లలో చీమలను నిలిపిన విధము

చీమలను గూర్చి చరిత్ర వ్యాసమా యని చదువరులు నవ్వవచ్చును. దండయాత్రల చరిత్రము వ్రాసినవారు పెక్కుమంది. బెల్లపు కుండను కాపాడుకొనిన చరిత్రము వ్రాయువారు అరుదు. అయినను పరభాషాప్రాంతమున కాపురమున్న కుటుంబములకు ఈ రెండవ చరిత్రమే దగ్గరిది. నాయకరాజుల కాలమున మధుర, తంజావూరు సీమలకు పోయి నిలిచినవారును, షోలాపురమున మగ్గము పాతుకొనిన పద్మశాలీలును, ఇల్లు కదలకయే 1936లో ఒరిస్సావారైన బరంపురమువారును వంటయింటి వాడుకలను అంత సులభముగా విడువలేదు. ఇరుగుపొరుగువారు ఎఱుంబు అన్నను, ఇరువె యన్నను, ముంగీ యన్నను, పింపుడి యన్నను, మన గడప లోపల అది చీమయే. యానాము వారికి మాత్రము గడప వెలుపల కూడ చీమయే.

చలిచీమ, గండుచీమ, కొండచీమ, ఎఱ్ఱచీమ, నల్లచీమ - ఇన్ని పేర్లు పెట్టినవారు వంటయింటి స్త్రీలే యని నా యూహ. నల్లచీమల బారు కనబడిన లక్ష్మి వచ్చునని సంతసించిరి. ఎఱ్ఱచీమల బారు కనబడిన చీపురు తీసిరి. ఈ భేదమునకు కారణము వెదకనక్కరలేదు. ఎఱ్ఱచీమ కుట్టినవానికి తెలియును.

చీమకు కొంత పెట్టవలెనను భావము మనలో చాల పాతది. గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. కాకులకును క్రిములకును అన్నమును మెల్లగా నేలపై నుంచవలెనని మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పుచున్నది. వైశ్వదేవము చేయని యిండ్లలో ఆ పనిని ముగ్గు చేసెను. తెల్లవారుజామున బియ్యపు పిండితో వాకిట ముగ్గు పెట్టిన, ప్రొద్దెక్కునప్పటికి సగము చీమల పాలగును. అరవవారి కోలమును, ఒడియావారు మార్గశిరమున బియ్యపు పిండిని నీట కలిపి వేయు ఝోటియును దీనికి చుట్టములే. వాకిటనే కడుపు నిండిన చీమ లోపలికి రాదని పెద్దలనిరి. అది పూర్తిగా నిజము కాదు. తిండి దొరకిన చోటికి చీమ తన వారినందరిని వెంటబెట్టుకొని వచ్చును. కాని ఆ చోటు బెల్లపు గూటికి దూరముగా వాకిట నుండుట మేలే గదా. నేడు మనము కొను ముగ్గు రాతిపొడి. దానివలన చీమకు దక్కునది లేదు.

పెట్టుట వాకిట, లోపల అడ్డగించుట. పాలు, పెరుగు, వెన్న ఉట్టి కెక్కినవి. ఉట్టి పిల్లికి చాలును గాని చీమకు చాలదు. త్రాటి వెంట అది సుఖముగా దిగును. అందుచేత బరువైన పాత్రలకును, పిమ్మట వచ్చిన జాలీ బీరువాల కాళ్ళకును క్రింద నీటి గిన్నెలు పెట్టిరి. పందొమ్మిదవ శతాబ్దమున దొరల బంగళాలలో మంచపు కోళ్ళకు కూడ ఇట్టి గిన్నెలే యుండెడివి. మా హోసూరు ఇంటిలో బీరువా క్రింద నాలుగు రాతిగిన్నెలుండెను. వానిలో నీరు మార్చుట పిల్లల పని. మరచిన నాడు నీటిపై దుమ్ము తెట్టె కట్టును. ఆ తెట్టెయే చీమకు వంతెన.

ఈ పద్ధతి మా కండ్ల యెదుటనే మూలబడినది. పౌల్ ముల్లర్ అను స్విస్ రసాయనజ్ఞుడు డి.డి.టి. కీటకములను చంపునని 1939లో కనుగొని, 1948లో నోబెలు బహుమానము నందెను. మన దేశమున 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలుకాగా మందు చల్లువారు ఇంటింటికి వచ్చిరి. మలేరియా తగ్గినది, ఆ మేలును కాదనరాదు. దానితోపాటు గమాక్సిన్ పొడి కూడ అంగళ్ళకు వచ్చెను. చిటికెడు చల్లిన చాలు, చీమల బారు అక్కడికక్కడే ఆగెడిది. నా చిన్ననాట మా పెదనాన్న సామానుల గది గడప పొడవునను దానిని చల్లిరి. కొంత బెల్లపు కుండపై పడినది. మా అవ్వ కుండనంతను తీసికొనిపోయి పెరటిలో పూడ్చెను. సంవత్సరమునకు సరిపడు బెల్లము అది. పెదనాన్నకును ఆమెకును పదిదినములు మాటలు లేవు. ఆమె చాదస్తమని మేమును నవ్వితిమి. 1989లో పొలములలో డి.డి.టి. వాడుకను ఆపిరి, గమాక్సిన్ ఏ జాతి మందో ఆ బి.హెచ్.సి. 1997లో నిషేధింపబడినది. అప్పటికి అవ్వ లేదు.

అట్లని పాతదంతయు మంచిదనుట నా యుద్దేశము కాదు. పసుపు, ఇంగువ, కర్పూరము, లవంగము వాసన యున్నంతసేపే పనిచేయును. గాలి తగిలినచో మరునాటికి బారు మరల సాగును. వేపాకు ధాన్యపు పురుగునకు కొంత పనికివచ్చును గాని చీమ దానిని అంతగా లెక్కచేయదు. కుంకుడు రసముతో నేల తుడుచుట మాత్రము మంచి యుపాయము. ఏల యనగా చీమలు నేలపై విడిచిన వాసన గీతను పట్టి నడచును. ఆ ద్రవ్యము నిప్పుచీమ శరీరమున ఏ గ్రంథినుండి వచ్చునో ఎడ్వర్డ్ విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1959లో తెలిపెను. గీత చెరిగిన బారు చెదరును. చెరిపిన వెంటనే గోడ బీటను సున్నముతో పూడ్చినగాని ఫలము నిలువదు.

పుట్టనే పోగొట్టవలెనన్న కంసాలి వాడు వెలిగార మున్నది. చక్కెర పాకమున కొద్దిగా కలిపి బారు దారిలో ఉంచవలెను. చీమలు అక్కడ చావవు. దానిని మోసికొనిపోయి పుట్టలోని వారికి పెట్టును. కొలది దినములలో బారు పలుచబడును. ఎక్కువ కలిపిన దారిలోనే చచ్చును, పని చెడును. వెలిగారము విషమే, చంటిబిడ్డలున్న యింట చేతికందనీయరాదు. నీటి గిన్నెలకును ఒక చిక్కున్నది. కదలని నీట డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకు రెండుమార్లైనను గిన్నె తోమి నీరు మార్చవలెను.

మా రాతిగిన్నెలలో మూడు నేటికిని ఉన్నవి. నాల్గవది పగిలినందున దాని చోట పింగాణి గిన్నె పెట్టితిమి.