పటం, మగ్గం, సాంచె: భీవండి తెలుగువారి బట్ట, గ్యాలరీ గోడ

1982వ సంవత్సరంలో మన దేశపు బట్టకు సంబంధించి రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి లండన్‌లో, మరొకటి బొంబాయిలో. బ్రిటన్‌లో భారతోత్సవం జరిగిన ఆ ఏడాది రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ‘ది మాస్టర్ వీవర్స్’ అనే పేరుతో భారతీయ చేనేత వస్త్రాల ప్రదర్శన ఏర్పాటైంది. పేరుకు కాలేజీయే గాని 1967లో రాజపత్రం పొంది విశ్వవిద్యాలయ స్థాయికి ఎదిగిన సంస్థ అది. ఇక రెండోది: జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె అధికారికంగా ముగిసిందో లేదో చెప్పలేనంతగా సాగింది. మిల్లులు మూతపడ్డ కొద్దీ నూలూ, ఆర్డర్లూ భీవండి దారి పట్టాయి. అక్కడి మరమగ్గాలు రాత్రింబవళ్లు ఆడాయి.

ఈ రెండింటినీ ఒకచోట చేర్చి చదివిన చరిత్ర గ్రంథాలు తక్కువ. కళాచరిత్రకారులకు మొదటిది కావాలి, కార్మిక చరిత్రకారులకు రెండోది. తెలుగు విద్యార్థులకు మాత్రం, అందులోనూ మహారాష్ట్రలో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు, రెండూ కావాలి. ఎందుకంటే లండన్‌లో గోడకెక్కిన విద్యా, భీవండిలో పగలూ రాత్రీ ఆడిన విద్యా చాలావరకు ఒకే కుటుంబాలవి.

ముందు లండన్ సంగతి. ఈ ప్రదర్శనకు వెనుక ‘విశ్వకర్మ’ అనే పెద్ద ప్రయత్నం ఉంది. మార్తాండ్ సింగ్ నిర్వహణలో 1981లో మొదలై దాదాపు పదేళ్లపాటు సాగిన ప్రదర్శనల వరుస అది. భారతోత్సవ బాధ్యతలు వహించిన పుపుల్ జయకర్ అండ దీనికి ఉంది. మ్యూజియంలలోని పాత వస్త్రాలను నమూనాగా పెట్టుకుని, వీవర్స్ సర్వీస్ సెంటర్ల ద్వారా నేటి నేతగాళ్లచేత మళ్లీ నేయించడం, అద్దించడం అందులో ప్రధానం. మన కలంకారీకి కూడా ఆ వరుసలో చోటు దక్కింది. ఈ సర్వీస్ సెంటర్లలో చిత్రకారులు కొలువు చేసేవారన్నది చాలామందికి తెలియని విషయం. బరోడా విశ్వవిద్యాలయంలో కళాచార్యులైన కె.జి. సుబ్రహ్మణ్యన్ 1959-61 మధ్య బొంబాయిలో చేనేత బోర్డు కింద పనిచేసి, తిరిగి బరోడా వెళ్లారు. చిత్రకారుడికీ నేతగాడికీ మధ్య గోడ అంత ఎత్తైనదేమీ కాదని ఆయన జీవితమంతా వాదించారు. ఆ వాదన నెగ్గిందనే అనాలి. అయితే నెగ్గింది చేతిమగ్గం వరకే. మరమగ్గం దగ్గరకు వచ్చేసరికి గోడ మళ్లీ లేచింది.

ఇక భీవండి. ఠాణే జిల్లాలో కామ్వారీ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో నేత పాతదే. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తర హిందుస్థానం నుంచి వలస వచ్చిన మోమిన్ నేతగాళ్లు దానికి పునాది వేశారు. ఇరవయ్యో శతాబ్దం రెండో పాదం నుంచి చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు రావడం మొదలైంది. తెలుగువారి రాక ఈ రెండో ఘట్టానికి చెందినది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు కొందరు నేరుగా, కొందరు షోలాపూర్ మీదుగా ఇక్కడికి చేరారు. పద్మనగర్ ప్రాంతానికి ఆ పేరెలా వచ్చిందో మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ బతుకమ్మ ఆడతారు, మార్కండేయుణ్ణి కొలుస్తారు, పిల్లలతో మరాఠీలోనూ పెద్దలతో తెలంగాణ తెలుగులోనూ మాట్లాడతారు. 1984 మేలో జరిగిన మతకల్లోలాల్లో ఊరు కాలింది, సాంచెలు ఆగాయి. తర్వాత మళ్లీ ఆడాయి. 2011 జనాభా లెక్కల నాటికి ఊరి జనం ఏడు లక్షలు దాటారు.

‘సాంచె’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సిరిసిల్లలోనైనా, ఇక్కడి తెలుగువారి ఇళ్లలోనైనా మరమగ్గాన్ని ‘మరమగ్గం’ అని ఎవరూ అనరు. అది పత్రికల మాట. ‘సాంచె’ అనే అంటారు. మరాఠీ ‘సాచా’, హిందీ ‘సాంచా’, గుజరాతీ ‘సాంచో’ దీనికి దాయాదులు. వీటిలో కొన్నిచోట్ల అచ్చు అనీ, కొన్నిచోట్ల యంత్రమనీ అర్థం. చేతిమగ్గం మాత్రం ‘మగ్గం’గానే మిగిలింది. అంటే మనవాళ్లు కొత్త యంత్రాన్ని మగ్గం కుటుంబంలో చేర్చుకోలేదు, బయటినుంచి వచ్చిన దానిగానే పేరుపెట్టి పిలిచారు. కాని ఆ యంత్రంలోని భాగాల పేర్లు చాలావరకు పాతవే. పడుగు పడుగే, పేక పేకే, కండె కండే, నాడె నాడే. గంజి పెట్టే పని మాత్రం ‘సైజింగ్’ అయింది, ఎందుకంటే అది ఇంటి ముంగిలి నుంచి ఫ్యాక్టరీకి పోయింది. ఏ పని ఇంట్లో మిగిలిందో, ఏ పని చేయి జారిందో మాటల్నిబట్టి చెప్పవచ్చునని మా అభిప్రాయం.

అలాంటి మాటే మరొకటి, ఈ వ్యాసానికి ఆయువుపట్టు లాంటిది: ‘పటం’. నేడు పటమంటే మనకు గోడకు వేలాడే దేవుడి బొమ్మ, లేదా భూగోళం తరగతిలోని మ్యాపు. సంస్కృతంలో ‘పటం’ అంటే మొదట బట్ట. బట్టమీద బొమ్మ వేశారు గనుక బట్ట పేరే బొమ్మకు వచ్చింది. చిత్రకళ పేరులోనే నేతపని ఉందన్నమాట. తెలంగాణలో ఇది నిఘంటువులో ఉండిపోయిన ముచ్చట కాదు. ఆశ్రిత కులాలవారు తమ పోషక కులానికి కులపురాణం చెబుతూ విప్పి చూపే పటాలు ఇటీవలిదాకా ఊరూరా తిరిగాయి. మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు. పటాలు రాసేది నకాషీలు, చేర్యాల వారి పేరు దేశమంతా తెలుసు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు దించుతారు. పటం ముప్పై నలభై అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పొడవుంటుంది.

పద్మశాలీల పటంలో కథ ఇది. మార్కండేయుడు చేసిన యజ్ఞంలోంచి భావనాఋషి పుట్టాడు. విష్ణునాభికమలపు తూడునుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. పులి ఆయన వాహనం. ఆయన కొడుకుల నుంచి నూటొక్క గోత్రాలు. కథ చెప్పేవాడు పటాన్ని ఒక్కసారిగా పరచడు. ఒక్కొక్క బొమ్మనే విప్పుతాడు, పాట నడిచిన మేరకే పటం దిగుతుంది. పటం పాతబడి చిరిగితే దానికి మనిషికి చేసినట్టే అంత్యక్రియ చేసి నీళ్లలో కలిపేవారు.

ఇప్పుడు ఈ పటాలు ఎక్కడున్నాయి? హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో పద్మశాలీ పురాణానికి చెందిన 17వ శతాబ్దపు పటం ఉంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ భావనాఋషి పటముంది. నీళ్లలో కలవవలసినవి అద్దాల వెనుక బతికాయి. ఇందుకు విచారించనక్కరలేదు. ఆ సేకరణలు లేకపోతే 17వ శతాబ్దపు తెలంగాణ రంగులెలా ఉండేవో మనకు తెలిసేదే కాదు. కాని గ్యాలరీలో పటం మొత్తం ఒకేసారి కనబడుతుంది, లేదా నాలుగు గళ్లు మాత్రమే కనబడతాయి. పాట ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎదురుగా కూర్చుని తన గోత్రం పేరు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గే శాలీ ఉండడు. ఆ శాలీ భీవండిలో పన్నెండు గంటల పాళీలో ఉన్నాడు. ఇంటి యజమానే వలసపోతే మిరాశీ అడగడానికి వచ్చిన కూనపులివాడు ఎవరి వాకిట్లో పటం దించాలి? పటాలు మ్యూజియంలకు చేరడానికి కొన్నవారి అభిరుచి ఎంత కారణమో, ఈ వలసా అంతే కారణం. ఈ రెండో కారణం ప్రదర్శన సూచికల్లో చోటుచేసుకోవడం అరుదు.

కరీంనగర్ నుంచి బొంబాయి వైపు వెళ్లింది నేతగాళ్లే కాదు. పాకాల తిరుమలరెడ్డి (1915-1996) ఆ జిల్లా అన్నారంలో పుట్టి, బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చదివి, 1940ల మొదట్లో అక్కడి యువ చిత్రకారుల బృందంలో నిలిచారు. తర్వాతి తరంలో 1942లో అదే జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్‌లో చదివి, బరోడాలో సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. పెద్ద బొట్టూ, ముదురు రంగు చీరలూ ఉన్న ఆయన తెలంగాణ స్త్రీలు దేశదేశాల గ్యాలరీలకు వెళ్లారు. విద్యార్థులు ఆ చిత్రాలను చూసేటప్పుడు ముఖాలనే గాక చీరల్ని కూడా చూడాలని మా కోరిక. గళ్లు, అంచులు, రంగుల కలయిక అన్నీ ఆ చీరల్లో ఉన్నాయి. అవి నేసిన చేతులు ఎవరివి?

చట్టం కూడా గ్యాలరీ దారినే నడిచింది. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద 22 రకాల వస్త్రాలను చేతిమగ్గానికే కేటాయించారు. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1996లో ఆ సంఖ్య 11కు తగ్గింది. చట్టం దృష్టిలో చేనేత వారసత్వం, సాంచె దొంగదెబ్బ. ఇందులో నిజం లేకపోలేదు. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ సాంచె మీద సగం ధరకు దిగితే చేతిమగ్గం నిలబడలేదు, దాన్ని నమ్ముకున్న ఇళ్లలో ఆకలి చావులూ ఆత్మహత్యలూ జరిగాయి. ఆ నష్టాన్ని తగ్గించి చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే సాంచె నడిపినవాడు ఎక్కడినుంచో ఊడిపడ్డ శత్రువు కాదు. తండ్రి మగ్గంగుంటలో కూర్చున్నాడు, కొడుకు సాంచెల మధ్య నిలబడ్డాడు. తండ్రి చేతిపనికి ప్రదర్శన ఉంది, కొడుకు చెవుల హోరుకు లేదు. నాలుగు సాంచెల్ని ఒకేసారి కనిపెట్టుకుని, తెగిన పోగును చప్పుడునుబట్టి పసిగట్టి అతికే నేర్పును విద్య అనకపోతే మరేమనాలి?

భీవండిలో పని నేర్చుకుని, పాత సాంచెలు కొని సిరిసిల్లకు తిరిగి వెళ్లినవారి కథ వేరే వ్యాసానికి తగినది. ఒక్క విషయం మాత్రం చెబుతాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు ఆడవాళ్లకు చీరలు పంచడం మొదలుపెట్టి, ఏటా దాదాపు కోటి చీరలు చాలావరకు సిరిసిల్ల సాంచెల మీద నేయించింది. కొన్నేళ్లు సాగి ఆ పథకం ఆగింది. ఆ చీరల నాణ్యత మీద వాదాలు, ఎగతాళి చాలా వచ్చాయి. కాని కళాచరిత్ర చదివేవారికి వాటి సంగతి రాజకీయంతో తీరదు. ఒకే పండుగకు, ఒకే భాష మాట్లాడే ఆడవాళ్లకోసం, ఒకే ఊళ్లో యంత్రంమీద అన్ని చీరలు ఏటేటా కొత్త అంచులతో దిగడం మన వస్త్రచరిత్రలో చిన్న ఘట్టమేమీ కాదు.

మన విశ్వవిద్యాలయాల గ్యాలరీలు ఏడాదికొకసారి జానపద కళకు గది ఇస్తాయి. చేర్యాల పటం వస్తుంది, కలంకారీ వస్తుంది, పుట్టపాక తేలియా రుమాలు వస్తుంది. ఆ పక్కనే భీవండి కోరాగుడ్డ తాను ఒకటి, అరిగిన నాడె ఒకటి, కూలి రాసుకున్న చిట్టాపుస్తకం ఒకటి, ఆడవాళ్లు ఇంట్లో చుట్టిన కండెల బుట్ట ఒకటి ఉంచవచ్చు. కింద రాసే వివరాల్లో నేసినవారి ఊరు, వలస వచ్చిన ఏడు, మీటరుకు ముట్టిన కూలి ఉండాలి. పద్మనగర్ నుంచి వచ్చే విద్యార్థులకు ఇవి సేకరించడం కష్టం కాదు, సగం వాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. తాతలు, మేనమామలు ఉన్నప్పుడే అడిగి, సాంచె భాగాల పేర్లు వారి నోటితో చెప్పినవి చెప్పినట్టు రాసుకుంటే, తెలంగాణ మాండలిక పదకోశానికి కూడా పనికొస్తాయి. టేపు చేసేటప్పుడు సాంచె ఆపించి మాట్లాడించాలి. ఆడుతుండగా ఏమీ వినబడదు.