దున్నేది ఒకరు, చెక్కు అందుకునేది మరొకరు

సేద్యానికి సర్కారు ఇచ్చే నగదు పట్టాదారుకు చెందాలా, సాగుదారుకు చెందాలా? ఈ వివాదం మన దేశంలో 2018 తర్వాత ముదిరింది గానీ, దీనికి మూలాలు చాలా వెనక ఉన్నాయి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, మన జిల్లా వంటి పాయిన్‌సెట్ కౌంటీ తొంభై ఏళ్ల క్రితమే దీని ఫలితాన్ని చవిచూసింది.

మహామాంద్యం దెబ్బకు 1929 నుంచి 1932 లోపు అక్కడ పత్తి ధర సగానికి పైగా పడిపోయింది. పంట తగ్గితేనే ధర పెరుగుతుందని రూజ్వెల్ట్ ప్రభుత్వం భావించింది. 1933 మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం వచ్చింది. సాగు తగ్గించుకున్న వారికి ప్రభుత్వం నగదు చెల్లిస్తుంది. ఆ వేసవిలోనే కోటి ఎకరాలకు పైగా పత్తి పైరును దున్ని మట్టిలో కలిపేశారు.

పాయిన్‌సెట్ వంటి చోట్ల పత్తి పండించింది ఎక్కువగా సొంత నేల లేని కౌలుదారులు, సగం పాలుకు సేద్యం చేసే నల్లజాతి, తెల్లజాతి పేదలు. ప్రభుత్వ ఒప్పందం మాత్రం భూయజమానితోనే. 1934-35 ఒప్పందం కింద పౌనుకు నాలుగున్నర సెంట్ల చొప్పున చెల్లింపు ఉండేది. అందులో మూడున్నర సెంట్లు నేలను సాగు నుంచి తప్పించినందుకు అద్దె, అది యజమానిది. మిగిలిన ఒక్క సెంటులో సగం పాలుదారుది. ఆ అర సెంటు కూడా యజమాని చేతుల మీదుగానే అందాలి.

సాగు తగ్గితే మనుషుల అవసరమూ తగ్గుతుంది. కౌలుదారులను వీలైనంత మేరకు కొనసాగించాలని ఒప్పందంలో రాశారు. ఆ ‘వీలైనంత’ అన్న మాటే యజమానులకు కలిసొచ్చింది. టైరోంజా పరిసరాల్లో ఒక పెద్ద కమతం నుంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. 1934 జూలైలో అక్కడి బడిలో పదకొండు మంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘాన్ని స్థాపించారు. జాతి వివక్ష చట్టమై ఉన్న నేలపై అది సాహసమే. సభలపై దాడులు జరిగాయి. ఉన్న కౌలుదారులనే కొనసాగించాలన్నది ఒప్పందం అర్థమని వాషింగ్టన్‌లో వ్యవసాయ సర్దుబాటు సంస్థ న్యాయ విభాగం చెప్పింది. 1935 ఫిబ్రవరిలో ఆ విభాగాధిపతి జెరోమ్ ఫ్రాంక్‌ను, ఆయన సహచరులు కొందరిని తొలగించారు. కాంగ్రెస్‌లో దక్షిణాది భూస్వాముల పలుకుబడి అంతటిది.

1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని వేరే కారణాలతో కొట్టివేసింది. తర్వాతి చట్టాలు కౌలుదారు వాటాను పెంచాయి. అప్పుడు కొందరు యజమానులు, వాటా ఇవ్వాల్సిన పాలుదారుల స్థానంలో దినకూలీలను పెట్టుకున్నారు. 1939 జనవరి చలిలో పొరుగున ఉన్న మిస్సోరీలో, నిర్వాసితులైన వెయ్యి మందికి పైగా రహదారుల పక్కన గుడారాలు వేసుకున్నారు.

2018 మేలో తెలంగాణ ప్రారంభించిన రైతుబంధు, పరిమితి లేకుండా ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకే చెల్లించింది. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ ఏటా 6,000 రూపాయలను భూమి ఉన్న కుటుంబాలకే ఇచ్చింది. అదే ఏడాది ఒడిశా కాలియా పథకంలో భూమిలేని కుటుంబాలకూ చోటిచ్చింది. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. కానీ పదకొండు నెలల ఆ పత్రంపై యజమాని సంతకం తప్పనిసరి. భూమిపై హక్కుకు ఎసరు వస్తుందన్న భయంతో ఆ సంతకానికి వెనుకాడే యజమానులు తక్కువేమీ కాదు.

పాయిన్‌సెట్ చరిత్ర చెప్పేది ఒక్కటే. కౌలుకు భద్రత లేని చోట యజమానికే ఇచ్చే నగదు కౌలుదారుకు చేరదు. కాగితంపై వాటా రాస్తే కౌలుదారే పోతాడు. పథకానికి ముందు తేలవలసింది మొత్తం ఎంతన్నది కాదు, పొలంలో ఉన్నవాడిని ప్రభుత్వం గుర్తిస్తుందా లేదా అన్నది.