ఫణిగిరి చైత్యగృహం: యాత్రికులదా, విద్యార్థులదా?

తెలంగాణలోని బౌద్ధారామం ఫణిగిరి మీద రాసేవాళ్ల కంటికి తోరణం తప్ప మరొకటి ఆనదు. 2008లో బౌద్ధ అధ్యయన పండితుడు పీటర్ స్కిల్లింగ్ అక్కడి శిల్పాల్లోని బుద్ధచరిత్ర మీద వ్యాసం రాశాక ఈ చూపు స్థిరపడింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు ఆ శిల్పాలు వెళ్లాక ముద్ర పడిపోయింది. స్కిల్లింగ్ పాండిత్యంతో నాకు పేచీ లేదు. తోరణాన్ని చూసి ఆరామమంతా వచ్చిపోయే జనం కోసమే కట్టారనుకునే ధోరణితోనే పేచీ.

తిరుమలగిరికి దగ్గర్లో, బిక్కేరు ఒడ్డున ఉన్న ఆ గుట్ట ఎక్కినవాళ్లు మహాస్తూపం చుట్టూ తిరిగి, ఫొటో దిగి, దిగిపోతారు. గజపృష్ఠాకార (ఏనుగు వీపులా ఒక కొస వంపు తిరిగిన) చైత్యగృహం, అంటే లోపల స్తూపం ఉన్న ప్రార్థనామందిరం దగ్గర నిలబడేవాళ్లు తక్కువ. మిగిలింది గోడల మొదళ్లే అయినా వాటి వంపు వెంట నడిస్తే కొలత అర్థమవుతుంది: లోపల స్తూపానికి చోటిచ్చాక మనుషులకు మిగిలే జాగా కొద్దిదే. జాతర జనం పట్టే చోటు కాదది. భిక్షువుల గదులు ఉన్నది కూడా అదే గుట్ట మీద. ఊరివాళ్లకు మహాస్తూపం ఉండగా ఈ చిన్న గుడి ఎవరికి? విహారంలో ఉండి చదువుకునే శ్రామణేరులకూ (కొత్తగా చేరిన భిక్షువులకూ) వాళ్ల ఆచార్యులకూ అని నా వాదన.

దీనికి గట్టి సాక్ష్యం నాగార్జునకొండలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో అక్కడ ఉపాసిక బోధిసిరి చుళధమ్మగిరి విహారంలో చైత్యగృహం కట్టించింది. శాసనం దాన్ని అంకితమిచ్చింది తామ్రపర్ణి (సింహళ) స్థవిర ఆచార్యులకు. కట్టించింది గృహస్థురాలు, అందుకున్నది గురుకులం. స్పెయిన్‌లోని వలెన్సియాలో 1583లో ఆర్చ్‌బిషప్ హువాన్ దె రిబేరా స్థాపించిన క్రైస్తవ సెమినరీలోనూ చదువూ ప్రార్థనా ఒకే ప్రాంగణంలో సాగాయి. మతం ఏదైనా గురుకులానికి తనదైన గుడి కావాలి.

ఫణిగిరిలోనే మరో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏటి శాసనం ఉంది. రాజు ప్రధాన వైద్యుడు ధర్మచక్ర స్తంభం నిలిపించి, ఆ సంగతిని పద్యంలో చెక్కించాడు. శాసన పండితుడు ఆస్కర్ ఫాన్ హినూబర్ దాన్ని కావ్యంగానే పరిష్కరించారు. పద్యం చెక్కించేది చదివి మెచ్చేవాళ్లున్న చోటే కదా! వైద్యుడే దాత కావడం చూస్తే ఆ గుట్ట మీద వైద్యమూ బోధించేవారనిపిస్తుంది.

2024 తవ్వకాల్లో కుండలో దొరికిన 3,730 సీసపు నాణేలు దాతల రాకపోకలకు గుర్తు అనవచ్చు. కానీ అంతమాత్రాన అది యాత్రాస్థలం అయిపోదు; విద్యార్థులకూ తిండి ఖర్చు ఉంటుంది.

కాబట్టి ఫణిగిరిని యాత్రాస్థలమనడం మానాలి. చుట్టుపక్కల తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోట ఆరామాలకు భిక్షువులు ఇక్కడే చదివి వెళ్లి ఉంటారని నా ఊహ. ఇక్ష్వాకుల కాలపు తెలంగాణలో ఇదొక విద్యాపీఠమని నా అభిప్రాయం.