గండికోటలో ఒక సాయంత్రం

ఈ సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడలు టర్కీ దేశం వెళ్లి ఫోటోలు పంపింది. ఇజ్మీర్ రేవు ఒడ్డున హోటలు, బల్లమీద చేపల పళ్లెం, వెనక ఓడల దీపాలు, మధ్యలో పిల్లలూ తనూ పళ్లికిలించుకుంటూ. ఆ ఫోటో చేతులు మారి మా ఇంటిల్లిపాదికీ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. "మన బతుకంతా ఈ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల మధ్యనే!" అంది మా తోడికోడలు. ఆమె మొగుడికి ఉన్నది ఆ అంగడే కనుక ఆయన ఏమీ అనలేదు.

మర్నాడే వ్యాను మాట్లాడుకుని గండికోటకు బయలుదేరాం. సముద్రం లేకపోతే పోనీ, పెన్న ఉంది కదా! చిత్రాన్నం, పెరుగన్నం, బొరుగులు, ఉడికించిన శెనక్కాయలు. పులివెందుల నుంచి మా చిన్నాయనా చిన్నమ్మా ఒక సంచి నిండా చీనీకాయలతో వచ్చి కలిశారు. ముందు చిన్నాయన ఫోనులో "గండికే కదా, స్వామి దర్శనం చేసుకుందాం" అన్నాడు. పులివెందుల వాళ్లకు గండి అంటే పాపఘ్ని ఒడ్డున వీరాంజనేయస్వామే మరి! అది కాదు, జమ్మలమడుగు దగ్గరి గండి అని చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు వెళితే ఎర్రమల కొండలమీద ఎర్రరాతి కోట. ఉత్తరాన పెన్న కొండను నిలువునా కోసేసిన గండి. అంచున నిలబడి తొంగిచూస్తే నాకు కడుపులో తిప్పింది. పిల్లలు మాత్రం మరీ అంచుకు పోతారు. వాళ్లను వెనక్కి లాగడంలోనే మా సౌందర్యారాధన సగం అయిపోయింది.

పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. విజయనగర రాయల పక్షాన కత్తి పట్టినవాళ్లు. 1650లో గోలకొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఇరాను దేశంలో నూనె వర్తకుడి కొడుకాయన. వజ్రాల వ్యాపారంలో గడించి మంత్రి అయినవాడు. ఇంత గట్టి కోటను ఎలా పట్టాడయ్యా అంటే, మా జేజి చెప్పే కథలో లోపలివాడే నాయుడికి విషం పెట్టాడు. చరిత్రకారులు ఏమన్నా అననీండి, మా జేజికి లోపలివాడి చేయి లేకుండా ఏ ఇల్లూ కూలదు.

ఆ మరుసటి ముచ్చట నాకు మరీ ఇష్టం. 1652 సెప్టెంబరులో తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఈ కొండెక్కి వచ్చాడు. మన మేనకోడలు ఫోటో దిగిన ఇజ్మీర్ ఉందే, అప్పటి పేరు స్మిర్నా, ఆ రేవు కూడా ఎరిగిన దేశదిమ్మరి. మచిలీపట్నంలో ఓడ దిగి, ముత్యాలు మూట కట్టుకుని, ఇంతదూరం ఎందుకొచ్చాడంటే, మీర్ జుమ్లా చూడనిదే గోలకొండ సుల్తాను రత్నం కొనడట.

"అంటే ముందు గుమాస్తాకు చూపించాలన్నమాట! మా అంగట్లోనూ అంతే" అన్నాడు మా మరిది, మొదటిసారి చరిత్ర మీద ఆసక్తి కలిగి.

తవెర్నియే వెళ్లేసరికి మీర్ జుమ్లా డేరాలో కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు! ఒక్కొక్కటే లాగడం, ఇద్దరు రాయసగాళ్లకు జవాబు చెప్పడం. మధ్యలో నేరస్థుల విచారణ, అక్కడికక్కడే కాళ్లూ చేతులూ నరికే శిక్షలు. చదువుతుంటే నవ్వొచ్చి, మరుక్షణం నవ్వినందుకు సిగ్గేస్తుంది.

కోటలో తోపులు పోయించడానికి మాయే అనే ఫ్రెంచివాడిని పెట్టుకున్నాడు. ఇరవై తోపులు కావాలి. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలు తెప్పించి కరిగించారు. ఒక గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబుకు కోపం. తీరాచూస్తే మాయే ఒక్క తోపు కూడా సరిగా పోయలేకపోయాడు. ఒకటి పగిలింది, మిగతావి అసంపూర్తి. చివరికి కొలువే మానుకున్నాడు. మీర్ జుమ్లా కూడా ఎంతకాలమున్నాడు? నాలుగేళ్లు తిరక్కుండా మొగలాయిల పక్షం చేరి, 1663లో అస్సాం యుద్ధం నుంచి తిరిగివస్తూ కన్నుమూశాడు.

మాధవరాయస్వామి గుడిలో ఈ కథ చెప్పాను. నాలుగంతస్తుల గోపురం, మండపం నిండా చెక్కిన స్తంభాలు. గర్భగుడిలో మాత్రం స్వామి లేడు. తోడికోడలి చిన్నది లోపలికి తొంగిచూసి, "మరి స్వామి ఏ ఊరు పోయినాడు పెద్దమ్మా?" అంది. నా దగ్గర చరిత్ర ఉంది గానీ, దానికి జవాబు లేదు. పక్కనున్న చిన్నమ్మ ఖాళీ గడపకే దణ్ణం పెట్టుకుంది.

జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు చూసి, పొద్దు వాలేవేళకు గండి అంచుకు వచ్చి దుప్పటి పరిచాం. అడుగున నీళ్లు రాగిరేకులా మెరుస్తున్నాయి. చిన్నాయన హుషారుగా పిల్లలకు చెబుతున్నాడు, "ఇంకొంచెం పైన ఆనకట్ట ఉంది. అక్కడి నీళ్లు ఎత్తిపోసి చిత్రావతి జలాశయానికి పంపిస్తారు. ఆ నీళ్లే రాకపోతే మన చీనీచెట్లు ఎప్పుడో ఎండి కట్టెలయ్యేవి."

చిన్నమ్మ పడమటి వైపు చూస్తూ కూర్చుంది. ఆమె పుట్టిల్లు తాళ్లప్రొద్దుటూరు. 2020లో ఆ జలాశయం నిండినప్పుడు ఊరు నీళ్లలోకి పోయింది. పరిహారం డబ్బులు అన్నదమ్ములు పంచుకున్నారు. ఆడబిడ్డకు ఒక చీర పెట్టారు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు.

"మా ఇంటి ముందర యాపచెట్టు ఉండె. మా నాయన దాని కిందనే మంచం ఏసుకునేవాడు" అంది, ఎవరితోనో అన్నట్టు.

"నేనేమన్నా ముంచితినా?" అన్నాడు చిన్నాయన.

"నువ్వు ముంచినావని ఎవరన్నారు? మీ చెట్లు తాగేది మా ఊరి మీది నీళ్లే అంటాండా. అంతే."

ఇద్దరిలో ఎవరిదీ తప్పని నాకు అనిపించలేదు. మీరే చెప్పండి, కరువు చూసిన రైతును నీళ్లు వద్దనమంటామా? కానీ నీళ్లడుగున ఉన్న గడప గడప కాకుండా పోతుందా? మా మరిది దగ్గి, శెనక్కాయల పొట్లం ఇటు జరిపాడు. పిల్లలు కూడా కాసేపు అల్లరి మానేశారు. అవతలి గట్టున ఎవరో మేకల్ని అదిలిస్తున్న కేక గండిలోంచి రెండుసార్లు వినిపించింది.

చివరికి చిన్నమ్మే సంచిలోంచి ఒక చీనీకాయ తీసింది. తొక్క ఒలిచి, మొదటి తొన చిన్నాయన చేతిలో పెట్టింది. ఆయన మాట్లాడకుండా నోట్లో వేసుకున్నాడు. తర్వాత పిల్లలకు, ఆ తర్వాత మాకు. వ్యాను డ్రైవరు హారను కొట్టేదాకా ఆమె ఒలుస్తూనే ఉంది.