గోదావరి ప్రాంతంలో కల్లు: చెట్టు, పన్ను, ప్రజలు

పరిచయం

ఫ్రాన్సులో బోర్డో, బర్గండీ అన్నవి ప్రాంతాల పేర్లు మాత్రమే కావు, వైన్ పేర్లు కూడా. ద్రాక్షతీగ ఏ నేలలో పెరిగిందో తెలియకుండా అక్కడి వైన్ చరిత్ర అర్థం కాదు. గోదావరి ప్రాంతపు కల్లుకూ ఇదే వర్తిస్తుంది. కల్లునిచ్చే చెట్టు ఎక్కడ పెరుగుతుంది, అది ఎవరి అధీనంలో ఉంది, దాని మీద పన్ను ఎవరు వసూలు చేశారు అన్న మూడు ప్రశ్నల ద్వారా ఈ చరిత్రను పరిశీలిద్దాం.

చెట్లు, నేలలు

రంపచోడవరం, మారేడుమిల్లి వైపు తేమగల కొండ లోయల్లో జీలుగు చెట్టు పెరుగుతుంది. మెట్ట భూముల్లోనూ డెల్టా పొలం గట్లపైనా తాటిచెట్లు, కాలువ గట్ల వెంట ఈతచెట్లు కనిపిస్తాయి. కోనసీమలో కొబ్బరి విస్తారంగా ఉన్నా అక్కడ దాన్ని ప్రధానంగా కాయ కోసమే పెంచుతారు.

తాటి, జీలుగు చెట్లకు గెలను గీస్తారు. ఈతకు మాత్రం మొవ్వు కింద మానును చెక్కి కుండ కడతారు. కారిన రసం కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియదు. ఆ తియ్యటి రసాన్ని కాచి బెల్లం చేస్తారు. ద్రాక్ష వైన్‌లా కల్లును ఏళ్ల తరబడి నిల్వ చేయలేం. కాబట్టి దాన్ని గీసిన చోటికి దగ్గరలోనే తాగాలి లేదా అమ్మాలి. కల్లుపై పన్ను వేయదలచిన ప్రభుత్వం చెట్టు దాకా వెళ్లక తప్పలేదు.

కొండల్లో: 1879

కొండ ప్రజలకు కల్లు అంగడి సరుకు కాదు. అది ఇంటి ఆహారంలో, పండుగలో భాగం. రంప మన్సబుదారు దీనిపై ‘చిగురుపన్ను’ వసూలు చేసేవాడు. ఆ భారం చాలదన్నట్లు, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ప్రభుత్వ అబ్కారీ నిబంధనలు నిషేధించాయి. వసూలు హక్కును గుత్తేదార్లకు ఇచ్చారు. వారు మైదానం నుంచి వచ్చి బలవంతంగా డబ్బు రాబట్టారు. పోలీసుల వేధింపులు, అప్పుల పేరుతో పశువులను, ఆస్తులను లాక్కున్న వర్తకుల మోసాలు దీనికి తోడయ్యాయి.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి దాని ప్రముఖ నాయకులు. అది భద్రాచలం ప్రాంతానికీ విశాఖపట్నం జిల్లాలోని గొల్గొండ కొండలకూ పాకింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది. మన్సబుదారును తొలగించడం గమనించదగిన విషయం. తిరుగుబాటుదారుల ఫిర్యాదుల్లో నిజముందని ప్రభుత్వమే ఆ విధంగా ఒప్పుకున్నట్లయింది.

డెల్టాలో: 1954

డెల్టాలో పరిస్థితి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి విస్తరించింది, ఊళ్లు పెరిగాయి. చెట్టు రైతుది, గీసేది గీత కులాలవారు, కొనేది కూలీలు, చేతిపనివారు. అమ్మకపు సరుకు కాబట్టి ఇక్కడ పన్ను ధరలో కలిసిపోయింది. భారం ఉన్నా బతుకు సాగింది.

దెబ్బ మరో రూపంలో వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తాగుడు వల్ల పేద కుటుంబాలు చితికిపోతున్నాయన్న వాదన నిజమైనదే. కాని గీత తప్ప మరో వృత్తి ఎరుగని కుటుంబాలకు బతుకుతెరువు పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ సమస్య ముందుకొచ్చింది. నిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సూచించింది. ఈ వివాదంలోనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

సారాంశం

1879లో ప్రభుత్వం చెట్టును ఆదాయ వనరుగా చూసింది. 1948లో చెడుకు మూలంగా చూసింది. ఉద్దేశాలు పరస్పర విరుద్ధాలు. అయినా రెండు సందర్భాల్లోనూ చెట్టుపై ఆధారపడిన మనుషుల స్థితిగతులను ముందుగా లెక్కలోకి తీసుకోలేదు. కొండకూ డెల్టాకూ తేడా గమనించని చట్టం కొండలో ఆచారాన్ని నేరం చేసింది. డెల్టాలో వృత్తిని నేరం చేసింది.

క్షేత్ర పరిశీలన

మీ సమీపంలోని గీత కార్మికులను కలుసుకోండి. చెట్టు ఎవరిది, గీసే కాలం ఏది, చెల్లించే రుసుము ఎంత, తరువాతి తరం ఈ వృత్తిలో ఉందా అన్న విషయాలు అడిగి రాసుకోండి. వీలైతే తాటిపై పరిశోధనలు చేసే పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానాన్ని కూడా చూడండి. పై మూడు ప్రశ్నలకు మీ ఊరు ఇచ్చే సమాధానాన్ని రెండు పుటల్లో రాయండి.